పోర్టికో మూల నానితే

పడగ్గది కురిస్తే ఆ రాత్రే మేస్త్రికి ఫోన్ చేస్తాం. కారు పెట్టుకునే పోర్టికో కురిస్తే మాత్రం ఒక బకెట్ పెట్టి ఊరుకుంటాం. తడిసేది కారే కదా అని ధీమా. ఇంట్లో అన్నిటికంటే ముందు బాగుచేయించాల్సింది ఆ పోర్టికోనే అని నా గట్టి నమ్మకం.

మన పోర్టికోల్లో చాలావాటికి ముందువైపు స్తంభాలుండవు. ఇంటి బీములోంచి చెయ్యి చాపినట్టు శ్లాబు బయటికి వస్తుంది. ఇంజినీర్లు దీన్ని కాంటిలీవర్ అంటారు. మామూలు శ్లాబులో ముఖ్యమైన ఇనుము అడుగున ఉంటుంది, ఇందులో పైన ఉంటుంది. బరువు ఎక్కువగా లాగేది శ్లాబు ఇంటిని కలిసే మూలలో. సాధారణంగా నీళ్లు దిగేదీ ఆ మూలలోనే. లోపలి ఇనుము తుప్పు పడితే ఆ తుప్పుకు రెండింతలకు మించిన చోటు కావాలి. దాంతో ఉబ్బి కాంక్రీటును చీల్చేస్తుంది.

ఆ మూల ఎందుకు పగులుతుందంటే, ఎండకి. 5 మీటర్ల శ్లాబు 30 డిగ్రీల తేడాకి సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు సాగుతుంది, మళ్లీ ముడుచుకుంటుంది. ఇల్లు కట్టిన చాలా ఏళ్లకు పోర్టికో అతికిస్తే ఈ కదలిక ఇంకా బాగా కనిపిస్తుంది. కదిలే పగులులో సిమెంటు పాలు పోస్తే అది నిలవదు. మరుసటి ఏడాది అదే గీత.

మా పోర్టికో కురిసినప్పుడు వచ్చిన మేస్త్రి చాలాసేపు తాపీ ముట్టుకోలేదు. పైన ఆకులూ మట్టీ ఊడ్చి, నీళ్లు పోయే గొట్టానికి గోనెగుడ్డ కుక్కి, అంగుళం లోతున నీళ్లు నిలబెట్టాడు. మర్నాటికీ కింద చుక్క పడలేదు. ఆ నీళ్లు వదిలేసి, శ్లాబుకు పైనున్న ఇంటి గోడ మీద పైపుతో పోశాడు. కాసేపటికి కింద ట్యూబ్‌లైటు పక్కన చెమ్మ కనిపించింది. “కింద కనపడ్డ చోటే పైన దిగవు సార్, దారి వెతుక్కుంటూ వస్తాయి,” అన్నాడు. గోడ ప్లాస్టరింగు చీలికలోంచి దిగి, మూలకు చేరి, శ్లాబులో నడిచి వచ్చాయన్నమాట. నేను చూసిన మంచి పనితనం అది. చెయ్యి కదిలేముందు కన్ను పనిచేసింది.

తర్వాత పని పెద్దదేం కాదు. మూల వెంట గోడకు జానెడు ఎత్తున ప్లాస్టరింగు తీసేశాడు. శ్లాబు మీద సుత్తి దెబ్బ పడనివ్వలేదు, ఇనుము పైనే ఉంది కాబట్టి. సందును సాగే గుణమున్న పాలీయూరిథేన్ సీలెంట్‌తో నింపి, ఎండలో బాగా ఆరనిచ్చాడు. తడి మీద కోటింగు వేస్తే బుడగలు లేస్తాయి. ఆపైన ఫైబర్ గుడ్డ పరిచి, గోడ పైకి కూడా ఎక్కేలా రెండు కోట్లు పూశాడు. పాత మద్రాసు డాబాల మీద సున్నం, ఇటుక ముక్కలు పరిచి, బెల్లం, కరక్కాయ నీళ్లు చల్లుతూ చెక్కలతో రోజుల తరబడి కొట్టేవాళ్లు. ఆ ఓపిక అతనిలో చూశాను.

చాలామంది చేయించే పని వేరు: మళ్లీ రెండంగుళాల సిమెంటు పరిపించడం. 5 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పున్న పోర్టికో మీద అది దాదాపు టన్నున్నర బరువు. స్తంభాల్లేని శ్లాబు నెత్తిన అంత బరువు పెట్టించకండి. వాటం సరిచేయాలంటే మీటరుకు సెంటీమీటరు చాలు, అదీ ఇంజినీరును అడిగాకే.

తెలంగాణలో వానలు జూన్‌లో దిగుతాయి. నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు, నవంబరు నెలల్లో. ఈలోగా ఒక్కసారి మీ పోర్టికో అడుగుభాగం చూడండి. పెచ్చులూడి ఇనుము బయటపడినా, ముందు అంచు కిందికి వంగినా నీళ్లు నిలబెట్టే పరీక్ష కూడా వద్దు. కారు తీసేయండి, పిల్లల్ని అటు వెళ్లనివ్వకండి, స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి. కోటింగు సంగతి తర్వాత చూసుకోవచ్చు.