రెండేసి రూపాయలతో తీసిన చిత్రము

చదువరులారా, ఈ పుటలలో చలనచిత్ర విమర్శ కనబడుట మీలో కొందరికి వింతగా తోచవచ్చును. అయితే ‘మంథన్’ అను ఈ హిందీ చిత్రము పేదలు తమ కాళ్లమీద తాము నిలువబడుటను గూర్చినది. దానికి పెట్టుబడి పెట్టినవారును పల్లెవారే. గుజరాతులోని పాల సహకార సంఘముల సభ్యులు 5 లక్షలమంది తలకు 2 రూపాయల చొప్పున ఇయ్యగా, ఆ 10 లక్షలతో శ్యామ్ బెనెగళ్ 1976లో దీనిని తీసెను. చిత్రము విడుదలైనప్పుడు రైతులు లారీలెక్కి వచ్చి, ఇది మా బొమ్మ అని చూచిరి. 2024లో దీనిని బాగుచేసి మరల ప్రదర్శించిరి. హైదరాబాదు ప్రాంతమున పుట్టిన బెనెగళ్ ఆ యేటనే డిసెంబరు నెలలో కన్నుమూసెను.

కథ సులభమైనది. డాక్టరు రావు అను పశువైద్యుడు పాల సంఘము పెట్టింపవలెనని ఒక పల్లెకు రైలులో వచ్చును. అక్కడ మిశ్రా అను వర్తకుడు పాలను చౌకగా కొనుచున్నాడు. వెన్న శాతమును పరీక్షించి దానినిబట్టి ధర కట్టుట రావు తెచ్చిన పద్ధతి. పెత్తనమెల్ల సర్పంచిది. దళితవాడలో భోలా అను యువకుడు పట్టణమునుండి వచ్చిన ఎవరినిగాని నమ్మడు. మెల్లగా సంఘము ఏర్పడును. అధ్యక్షుని యెన్నికలో సర్పంచి ఓడి దళితుడు గెలుచును. పిమ్మట దళితుల గుడిసెలు తగులబడును.

ఇక్కడ చిత్రము మనకు గొప్ప సత్యము చూపుచున్నది. పాలు పోయుటకు దళితులు వచ్చినప్పుడు సర్పంచికి అంతగా కోపము రాలేదు. వారు కుర్చీలో కూర్చుండినప్పుడే వచ్చెను. పేదవానికి నాలుగు రూపాయలు ముట్టుటను ఊరు ఓర్చుకొనును. ఆ రూపాయల లెక్క వాడే అడుగుటను ఓర్చుకొనదు. సహాయ పథకములు వ్రాయు పెద్దలు అనేకులు ఈ సంగతి మరచిపోవుదురు.

రెండవ సత్యము మిశ్రా చేతిలోనున్నది. గుడిసెలు కాలినవారికి అప్పిచ్చుటకు ముందుగా వచ్చినవాడు అతడే. అక్కరలోనున్న బిందు అను స్త్రీ అతడు తెచ్చిన కాగితముమీద వ్రేలిముద్ర వేయును. ఆ కాగితము రావుమీద మోపిన నేరము! సొమ్ము వేగముగా వచ్చినంత మాత్రమున అది మేలైన సొమ్ము కాదు. మన ప్రాంతము దీనిని ఎరుగును. సూక్ష్మ ఋణ సంస్థల వసూళ్ల బాధ పడలేక పల్లెలు మొరపెట్టగా, 2010లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు చేయవలసి వచ్చెను.

ఇంత మంచి చిత్రములో రెండు లోపములున్నవి. మొదటిది, కథయంతయు డాక్టరు రావు దిగిన రైలుతో మొదలగుట. గుజరాతులో జరిగినది అట్లు కాదు. ఖేడా జిల్లా రైతులు పాల్సన్ కంపెనీ ధర గిట్టక, సర్దార్ పటేలు సలహాతో, త్రిభువన్ దాస్ పటేలు నాయకత్వమున 1946లో పాలు పోయుట మానివేసిరి. ఆ యేటనే సంఘము రిజిస్టరు చేసిరి. మొదట చేరినవి 2 గ్రామ సంఘములు. వచ్చిన పాలు దినమునకు 247 లీటర్లు. కురియన్ ఆనంద్ పట్టణమునకు వచ్చినది 1949లో. యునిసెఫ్ యంత్రములతో పాలపొడి కర్మాగారము తెరచినది 1955లో. ఐరోపా దేశములు దానముగా పంపిన పాలపొడిని అమ్మి దేశమంతట పాల సంఘములు కట్టుట మొదలైనది 1970లో. ఈ వరుస గమనించుడి. ముందు రైతుల పాలు, రైతుల తీర్మానము, తరువాత నేర్పరి, ఆ తరువాతనే పైదేశపు ధనము. ఈ వరుస తలక్రిందులైనయెడల ధనము ఉన్నంతవరకే సంఘముండును.

రెండవ లోపము బిందు విషయము. గేదెకు మేత వేసి పాలు పితుకునది ఆమె. స్మితా పాటిల్ ఆ పాత్రను మరపురాకుండ నటించినది. కాని ఆమె మనస్సు విప్పి చెప్పుకొనుటకు తగినన్ని మాటలు చిత్రము ఇయ్యలేదు. పనిచేయు చేతులు ఆమెవి, నిర్ణయము మగవారిది అన్న వాడుకను చిత్రము చూపినదే కాని, గట్టిగా ప్రశ్నింపలేదు.

అయినను ముగింపు ఈ లోపములను కొంత కప్పుచున్నది. రావుకు బదిలీయై రైలెక్కి వెళ్లిపోవును. ఎవరిని నమ్మని భోలాయే సంఘమును మరల నిలువబెట్టును. వచ్చినవాడు వెళ్లిన తరువాత ఏమి మిగిలినదో, అదియే పథకమునకు సరియైన పరీక్ష.

చదువరులారా, పిడికెడు బియ్యము తీసి ప్రక్కన పెట్టుట మన యిండ్లలో క్రొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లాలో సారాను వెళ్లగొట్టిన స్త్రీలు దినమునకొక రూపాయి దాచి పొదుపు సంఘములు కట్టిరి. రేపు మీ ఊరికి మేకలకో, కుట్టు మిషన్లకో, బోరుబావికో సొమ్ము వచ్చినప్పుడు మూడు మాటలు అడుగుడి. దీనిలో మన వంతు కొంచెమైనను ఉన్నదా? తీర్మానాల పుస్తకము ఎవరి యింట నున్నది? అధ్యక్షుని మనము మార్చగలమా? చూడగలిగినవారు ఈ చిత్రమును పదిమంది కూడి చూడుడి. చూచిన పిమ్మట ఈ మూడు మాటలనుగూర్చి మీలో మీరు మాటలాడుకొనుడి. ఆడవారిని ముందుగా మాటలాడనియ్యుడి.