కుట్టని బట్టకే నా ఓటు

దసరాకి ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లోని జగదల్‌పూర్ బయల్దేరేవాళ్ళు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అక్కడిప్పుడు చలా, వానా?" రెండూనూ. మధ్యలో ఎండ కూడా. హస్త, చిత్త కార్తెల్లో బస్తర్ ఒక్క రోజులోనే అన్ని కాలాలూ చూపించేస్తుంది. తెల్లారి మంచు, పదింటికల్లా వీపు చుర్రుమనిపించే ఎండ, మధ్యాహ్నం ఎటునుంచో ఊడిపడే మబ్బు, రాత్రికి చెవులు కప్పుకోమనే చలిగాలి. ఫోను చూసి బట్టలు సర్దుకుంటే సరిపోదు. అది రోజు మొత్తానికీ ఒక గరిష్ఠం, ఒక కనిష్ఠం చెప్పి ఊరుకుంటుంది. ఆ రెండింటి మధ్య ఎన్నిసార్లు తడుస్తామో, ఎన్నిసార్లు ఆరతామో చెప్పదు.

అసలు బస్తర్ దసరాయే వానలో మొదలై చలి గుమ్మంలో ముగిసే పండగ. హరేలీ అమావాస్య నాడు, అంటే మన లెక్కన ఆషాఢ అమావాస్య రోజున, రథానికి పనికొచ్చే దుంగకు పూజ చేస్తారు. దాన్ని పాట్ జాత్రా అంటారు. అక్కణ్ణించి మొత్తం 75 రోజులు. ముసురులో దుంగకు మొక్కినవాళ్ళే ఆశ్వయుజం వెన్నెల్లో ఎనిమిది చక్రాల రథం లాగుతారు. రథం మీద ఉండేది దంతేశ్వరి అమ్మవారి ఛత్రం. ఆ రోజుల్లో ఆకాశాన్ని నమ్మలేమని అమ్మవారికీ తెలుసేమో!

ఆ రథం తాళ్ళు సియాడీ తీగ నారతో పేనతారు. మన మన్యంలో విస్తర్లు కుట్టే అడ్డాకు ఆ తీగదే. అదే ఆకుతో అక్కడి రైతుకు వానటోపీ కూడా తయారవుతుంది. వెదురు బద్దలు సన్నగా చీల్చి రెండు పొరలుగా వల అల్లుతారు. ఆ రెంటి నడుమ అడ్డాకులు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కేలా పరిచి బిగిస్తారు. ఊళ్ళో ఇల్లు నేసేటప్పుడు పెంకు పేర్చే పద్ధతే. చినుకు పై ఆకు మీంచి కింది ఆకు మీదికి జారి అంచున పడిపోతుంది. తల మీద ఉంటుంది కాబట్టి నాట్లేసే రెండు చేతులూ ఖాళీ. వాన వెలిసి ఎండ కాస్తే అదే గొడుగు. గాలి ఆడుతుంది కనుక మాడు ఉడకదు. ప్లాస్టిక్ రెయిన్‌కోటు వాననైతే ఆపుతుంది, కానీ ఒంటి ఆవిరిని కూడా బయటికి పోనివ్వదు. ఎండొచ్చాక విప్పితే, తడి ముద్దను పట్టుకుని తిరగాల్సింది మనమే.

విశాఖ నుంచి కిరందుల్ పాసింజరెక్కితే ఈ కాలాల చదువంతా ఒక్క పగటిలో వంటబడుతుంది. పొద్దున్న విశాఖలో ఉక్క, జిడ్డు. శృంగవరపుకోట దాటితే ఘాటు. కొత్తవలస, కిరందుల్ మధ్య 58 సొరంగాలున్నాయి. అందులో చాలా మటుకు ఇక్కడే ఒకదాని వెంట ఒకటి వస్తాయి. శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. ముసురు రోజైతే అక్కడ మబ్బు బోగీలోకే వచ్చి కూర్చుంటుంది. సాయంత్రానికి దిగే జగదల్‌పూర్ ఎత్తు సుమారు 550 మీటర్లు. అక్కడ మళ్ళీ వేరే గాలి.

ఆ బండిలో ఒకసారి నా ఎదురు సీట్లో ఓ ముసలమ్మ, ఆవిడ మనవరాలు. బొర్రా రాకముందే పిల్ల సంచీలోంచి స్వెట్టరు లాగింది. "ఏటే, అప్పుడే ఏసుకుంటున్నావు? ముందు సెమట తుడుసుకో. తడి మీద కప్పితే సలి లోపల్నుంచే పడతాది" అందావిడ. అని, తన భుజం మీది తువ్వాలుతో పిల్ల మెడా వీపూ తుడిచింది. అరకు దగ్గర ఆ తువ్వాలే పిల్ల చెవులకు చుట్టింది. జయపురం వచ్చేసరికి అది మడతలుపడి కిటికీ కమ్మీకీ పిల్ల తలకీ మధ్య దిండైంది. స్వెట్టరు మాత్రం స్వెట్టరుగానే మిగిలింది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. తడి ఆరడానికి కావలసిన వేడిని ఒంటి నుంచే లాక్కుంటుంది. చెమటతో తడిసిన నూలు చొక్కా మీద ఎంత మందం కోటు వేసినా వణుకు ఓ పట్టాన తగ్గదు.

దసరా రోజుల్లో బస్తర్ వాతావరణం చాలావరకు బంగాళాఖాతం చేతిలో ఉంటుంది. 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను, బలం తగ్గాక ఛత్తీస్‌గఢ్ మీదుగా ఉత్తరానికి సాగింది. రెండు రోజుల్లో నేపాల్ అన్నపూర్ణ కొండల మీద మంచుతుఫానై కురిసి, కొండ నడకకు వెళ్ళినవాళ్ళను పొట్టన పెట్టుకుంది. ఒకే గాలి ఒక చోట వాన, మరో చోట మంచు. అందుకే ఆ రోజుల్లో ఫలానా వాతావరణానికి ఫలానా బట్ట అనే లెక్క పనిచేయదు.

అన్నిటికీ ఒకే బట్ట ఎలా సరిపోతుందో తెలియాలంటే, జగదల్‌పూర్ రాకముందే తగిలే కోట్‌పాడ్‌లో నేసే బట్ట చూడండి. నూలును ఆముదం, బూడిద నీళ్ళు, పేడలో నానబెట్టి, ఎండబెట్టి, ఆల్ చెట్టు వేరు బెరడుతో ఎర్రమట్టి రంగు ఎక్కిస్తారు. ఇనుము కలిస్తే అదే రంగు నలుపుకు తిరుగుతుంది. వారాల తరబడి సాగే ఈ పనికి 2005లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అక్కడి నేతగాడు గోవర్ధన్ పనికాకు 2018లో పద్మశ్రీ వచ్చింది. బస్తర్ ఆడవాళ్ళు కట్టే ముతక చీరా ఈ నేత కుటుంబంలోదే. మోకాళ్ళ దాకా కట్టి, కొంగు భుజం మీద ముడేస్తారు. బురదలో అంచు తడవదు. చలేస్తే ఆ ముడి విప్పి వీపంతా కప్పుకోవచ్చు. సంతకు వెళ్తే బిడ్డను కట్టుకోవచ్చు కూడా. తెలంగాణ గొల్లకురుమల గొంగడిదీ అదే తెలివి. వానలో తల మీంచి కప్పుకునే కొప్పెర, రాత్రి దుప్పటి, ఎండలో నీడ. పైగా ఉన్ని తడిసినా వెచ్చదనాన్ని పూర్తిగా వదలదు.

మగవాళ్ళ సంగతికొస్తే, నా కంటికి ఈ కాలంలో జీన్సును మించిన శత్రువు లేదు. ఒకసారి తడిస్తే మర్నాటికీ నడుం దగ్గర తడి తగులుతూనే ఉంటుంది. దంతెవాడ దంతేశ్వరి గుడిలో ప్యాంటుతో గర్భగుడి వైపు పోనివ్వరు, పంచె గానీ లుంగీ గానీ కట్టాల్సిందే. అది ఆచారం. వానకూ అదే సౌకర్యం. తడిసిన పంచె పిండి ఆరేస్తే, కాస్త ఎండ చాలు.

కుట్టుబట్ట ఒంట్లో ఒక భాగానికి, ఒక పనికి లెక్కగా కత్తిరించింది. చలికాలం చలికాలంలా, ఎండాకాలం ఎండాకాలంలా ఉన్నంతవరకు దానికి తిరుగులేదు. కాలం ఎటూ తేల్చుకోని రోజుల్లో మాత్రం గజాల గుడ్డే గొప్ప. కాబట్టి దసరాకు వెళ్ళేవాళ్ళకు నా సలహా: పల్చటి నూలు చొక్కాలు, ఒక పంచె, ఒక ముతక దుప్పటి, పెద్ద తువ్వాళ్ళు రెండు. మిగతా ప్రతి బట్టనూ సంచీలో పెట్టేముందు ఒక్క మాట అడగండి: నువ్వు ఒంటి మీద లేనప్పుడు నాకు ఎందుకు పనికొస్తావు? జవాబు చెప్పలేనిది డిసెంబరు దాకా బీరువాలోనే ఉండనివ్వండి.