పిడికిలి కంటే ముందు అరచెయ్యి

ఆదిలాబాద్ పల్లెల్లో జొన్న రొట్టె చేసే ఆడవాళ్ల చేతినే చూడండి. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. వేడినీళ్లు పోసి, గట్టిగా ఒత్తి ఒత్తి పిసకకపోతే రొట్టె అంచులు పగులుతాయి. ఆ ఒత్తుడు వేళ్లతో సాగదు, అరచేతి మొదలుతోనే సాగుతుంది. మణికట్టు గీత దాటగానే బొటనవేలి వైపు ఒకటి, చిటికెనవేలి వైపు ఒకటి, రెండు కండ దిబ్బలు ఉంటాయి. ముందుకు వంగినప్పుడు ఒంటి బరువు నడుము నుంచి భుజానికి, భుజం నుంచి ఆ దిబ్బలకు దిగుతుంది. కరాటేలో ‘తెయిషో’ అని నేర్పే దెబ్బ తగిలేది సరిగ్గా ఈ చోటుతోనే.

ఆత్మరక్షణ తరగతి అనగానే చాలాచోట్ల ఆడపిల్లలకు ముందుగా పిడికిలి బిగించడం నేర్పుతారు. నాకైతే అక్కడే వరస తప్పిందనిపిస్తుంది. పిడికిలిని తయారు చేసుకోవడానికి ఏళ్లు పడుతుంది. అరచెయ్యి ఇంటిపనిలో, పొలంపనిలో ముందే తయారై ఉంది.

ఎముకల సంగతే చూడండి. ఒక చేతిలో 27 ఎముకలు: మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్లలో 14. గుద్దినప్పుడు భారం పడేది అరచేతిలోని సన్నని, పొడవాటి ఎముకల కొసల మీద. అలవాటు లేని చెయ్యి గుద్దితే దెబ్బ చిటికెనవేలి మెటిక వైపు జారుతుంది, దాని వెనక ఎముక మెడ దగ్గర విరుగుతుంది. డాక్టర్లు దీన్ని ‘బాక్సర్ ఫ్రాక్చర్’ అంటారు గానీ, ఎక్కువగా వచ్చేది గుద్దడం రానివాళ్లకే. బాక్సర్లకు పట్టీలుంటాయి, గ్లౌజులుంటాయి. పైగా ఎదుటివాడి పన్ను మెటిక మీద గాటు పెడితే ఆ చిన్న గాయమే కీలులోకి చీము పట్టిస్తుంది. సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు బీడీలు చుట్టే తల్లికి వేళ్లే కూలి. తనను తాను కాపాడుకోబోయి వేలు విరగ్గొట్టుకుంటే ఎన్నో వారాలు ఆకు కత్తిరించలేదు, దారం చుట్టలేదు. అరచేతి మొదలులో ఆ భయం బాగా తక్కువ. ముంజేతి ఎముకలకు సూటిగా ఆనుకున్న చోటు అది, పైన మెత్తని కండ ఉంది.

మన కుస్తీ తాలీంలలో ఆంజనేయుడి పటం లేని గోడ అరుదు. పాత కరీంనగర్ జిల్లాలో కొండగట్టు అంజన్న పేరు తలవకుండా లంగోటు బిగించే పహిల్వానూ అరుదే. ఆ హనుమంతుడి కథలోనే అరచెయ్యీ పిడికిలీ ఎదురుపడే ఘట్టం ఉంది. వాల్మీకి సుందరకాండలో లంక వాకిట కాపలా ఉన్న లంకిణి ముందుగా హనుమంతుణ్ని అరచేత్తో కొడుతుంది. ఆయన ఎడమ పిడికిలితో, ఆడది కదా అని కోపం ఆపుకొని, బదులిస్తాడు. కాస్త ముందుకు వెళ్తే రావణుడి మంత్రుల కొడుకులతో జరిగిన పోరులో కొందరిని అరచేత్తో, కొందరిని కాళ్లతో, కొందరిని పిడికిలితో మట్టుబెడతాడు. సంస్కృతంలో ఈ అరచేతికి ‘తలం’ అని పేరు. అంటే పాతకాలం వాళ్లు దీన్ని చెంపదెబ్బ కింద జమకట్టలేదు, పిడిగుద్దుతో సమానంగా ఒక ఆయుధమనే లెక్కవేశారు.

కుస్తీలో కొట్టడం లేదు. అయినా పని అంతా తెరిచిన చేతిదే. భైంసా, ముధోల్ వైపు జాతరల్లో కొబ్బరికాయ బహుమతి కుస్తీతో మొదలై వెండి కడియం కుస్తీ దాకా సాగే పోటీలు చూసినవాళ్లకు ఇది తెలుసు. మట్టి అరచేతులకు రుద్దుకోవడం, చేతులు కలపడం, జబ్బ చరచడం, మెడ మీద చెయ్యి వేసి ఎదుటివాడి బరువు ఎటుందో చూడటం. పిడికిలి బిగించిన చెయ్యి గుద్దడం ఒక్కటే చేస్తుంది. తెరిచిన చెయ్యి కొడుతుంది, తోస్తుంది, పట్టుకుంటుంది, వచ్చే దెబ్బను పక్కకు నెడుతుంది.

పొరుగున నిజామాబాద్ జిల్లా హున్సాలో హోలీ నాడు ఊరు రెండు జట్లుగా చీలి, తాడుకు అటూ ఇటూ నిలబడి పిడిగుద్దులాడుకుంటుంది. ఆ ఊరి ఆచారాన్ని నేను చిన్నచూపు చూడను. కాకపోతే అది ఇష్టపడి దిగే ఆట. దారిలో చెయ్యి పట్టుకున్నవాడి నుంచి విడిపించుకోవడం వేరే సంగతి.

జపాన్ సుమోలో పిడికిలితో గుద్దడం నిషేధం, అరచేత్తో తోయడం, కొట్టడం చెల్లుతాయి. 1993లో అక్కడే మొదలైన పాంక్రేస్ అనే మిశ్రమ యుద్ధకళల పోటీల్లో మొదట్లో ముఖం మీద పిడిగుద్దుకు చోటివ్వలేదు. నెదర్లాండ్స్ నుంచి వచ్చిన బాస్ రుటెన్ ఆ బరిలో అరచేతి దెబ్బలతో పేరు తెచ్చుకున్నాడు. అంతకుముందే, షాంఘై పోలీసులో పనిచేసిన ఫెయిర్‌బెయిర్న్ రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకు గడ్డం కింద అరచేతి మొదలుతో పైకి పొడిచే దెబ్బ నేర్పాడు. 1942లో వచ్చిన అతని ‘గెట్ టఫ్’ పుస్తకంలో అది ఉంది.

ఇక దెబ్బ తీరు. రెండు చేతులూ రొమ్ము ఎత్తున, వేళ్లు తెరిచి, ‘ఆగు, దూరం జరుగు’ అన్నట్టు ముందుకు పెట్టాలి. గట్టిగా అరవాలి కూడా. చూసేవాళ్లకు ఆ పిల్ల వద్దంటున్నట్టు కనిపిస్తుంది, కానీ చెయ్యి అప్పటికే కొట్టవలసిన చోటుకు సగం దూరంలో ఉంది. మణికట్టును వెనక్కి వంచి, వేళ్లను కొద్దిగా ముడిచి, బొటనవేలిని పక్కకు ఆనించాలి. బొటనవేలు బయటికి వేలాడితే బట్టలో చిక్కుకుని బెణుకుతుంది. మోచెయ్యి పక్కటెముకలను వదిలి ఎగరకూడదు. ముందు వెనక కాలు నేలను తన్నాలి, తర్వాత నడుము తిరగాలి, చివరికి చెయ్యి వెళ్లాలి. బిగుసుకుపోయిన తలుపును తోసినట్టు సూటిగా పోవాలి గానీ, చెంపదెబ్బలా పక్క నుంచి ఊగి రాకూడదు. ఊగి వచ్చే చెయ్యి దూరం నుంచే కనబడుతుంది. తగలవలసినవి ముక్కు, గడ్డం, రొమ్ము ఎముక కింది గుంట. ముక్కు ఎముక మెదడులోకి దిగి మనిషి చచ్చిపోతాడని ఒక కట్టుకథ తిరుగుతుంటుంది, నమ్మకండి. ముక్కు ముందు భాగమంతా మెత్తని మృదులాస్థి. అక్కడ దెబ్బ తగిలితే కళ్లు నీళ్లతో నిండిపోతాయి, రెండు మూడు క్షణాలు చూపు ఆనదు. ఆ క్షణాలే మనకు కావలసినవి.

చెవి మీద మాత్రం ఆటగా కూడా కొట్టకూడదు. గూబ గుయ్యిమంది అంటాం గానీ, అరచెయ్యి చెవిని మూసినప్పుడు లోపల బిగిసిన గాలికి కర్ణభేరి చిరగగలదు. సుమోలో కూడా రెండు చెవుల మీద ఒకేసారి అరచేతులతో కొట్టడం నిషేధం. పిల్లల్ని దండించే పేరిట గూబ మీద కొట్టే పెద్దలున్నారే, వాళ్లకు ఈ సంగతి ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి.

చట్టం మాటకొస్తే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 దాకా సెక్షన్లలో ఆత్మరక్షణ హక్కును గుర్తించింది, అవసరానికి మించి హాని చేయకూడదన్న హద్దూ పెట్టింది. తోయడం నుంచి గట్టి దెబ్బ దాకా బలాన్ని కొలిచి వాడుకోగల చెయ్యి ఆ హద్దులో నిలవడానికి బాగా పనికొస్తుంది.

సమగ్ర శిక్ష కింద సర్కారు బడుల్లో ఆరో తరగతి నుంచి ఆడపిల్లలకు మూడు నెలలు ఆత్మరక్షణ నేర్పే ఏర్పాటు ఉంది. మూడు నెలల్లో పిడికిలి గట్టిపడదు. చివరి రోజు అతిథుల ముందు పెంకులు పగలగొట్టించడం నాకు నచ్చదు, ఎదగని ఎముకలతో ఆ పని చేయించకూడదు. బడి ఆవరణలో వేపచెట్టు కొమ్మకు ఊక, గుడ్డ పేలికలు కుక్కిన గోనెసంచి గడ్డం ఎత్తున వేలాడదీస్తే చాలు. ఒక్కో పిల్ల వచ్చి కుడి చేత్తో పది, ఎడమ చేత్తో పది కొట్టాలి. కొట్టిన చెయ్యి వెంటనే వెనక్కి రావాలి, కాళ్లు గేటు వైపు తిరగాలి. గేటు దాకా ఆ పరుగు కూడా, అరుపుతో సహా, ప్రతిసారీ చేయించాలి.