ముఖం కావాలి, పేరు అక్కర్లేదు

అరకు సంత ఫోటోలు ఈ మధ్య మళ్లీ నలుపు తెలుపుల్లోకి వెళ్తున్నాయి. డిజిటల్ వచ్చాక అటకెక్కిన ఫిల్ము కెమెరాల్ని పాతికేళ్ల కుర్రాళ్లు దుమ్ము దులిపి మెడలో వేసుకుంటున్నారు. శుక్రవారం తెల్లవారకముందే విశాఖలో బయల్దేరి, అనంతగిరి ఘాటు ఎక్కి, సంత వేళకి చేరుకుంటున్నారు. రోలుకి 36 బొమ్మలే. మీట నొక్కిన ప్రతిసారీ డబ్బు ఖర్చు. అందుకని ఆచితూచి తీస్తామనీ, ఆ నిదానంలో ఎదుటి మనిషి పట్ల గౌరవం ఉందనీ వాళ్లు చెప్తారు. నిదానం ఉన్నమాట నిజమే. గౌరవం సంగతే కాస్త చూడాలి.

ఇలాంటి బొమ్మల్ని ప్రదర్శనల్లోనూ పుస్తకాల్లోనూ వరసపెట్టి చూశాను. ముడతలు పడ్డ ముఖం, ముక్కుకి రెండు పక్కలా నత్తులు, మధ్యన బులాకీ, నోట్లో చుట్ట, ఎటో చూస్తున్న కళ్లు. కింద ఒకే శీర్షిక: 'గిరిజన స్త్రీ, అరకు'. ఆవిడ కొండదొరో, కోటియానో, పోర్జానో, కోందో, గదబో మనకి తెలీదు. పేరు సరేసరి. ఆ రోజు పసుపు అమ్మడానికి వచ్చిందా, రాజ్మా గింజలకి ధర కుదరక కూర్చుందా, అదీ తెలీదు. సంతంటే బేరం కదా! ఈ ఫోటోల్లో బేరమాడే ఆడవాళ్లు కనిపించరు. తూకం దగ్గర షావుకారుతో గొంతు పెంచిన మనిషి కనిపించదు. చట్రం అంచున ఆగిపోయినవి ఇంకా ఉన్నాయి: నైలాను చీర రంగు, ప్లాస్టిక్ బిందె, జాకెట్లో దోపుకున్న సెల్‌ఫోను, పక్కన ప్యాంటూ చొక్కాలో నిలబడ్డ కాలేజీ కూతురు. ఫిల్ము గరుకుదనం మిగిలిన పని పూర్తిచేస్తుంది. 2023లో తీసిన బొమ్మ 1943లో తీసినట్టు కనిపిస్తుంది. దీన్ని కళ అంటున్నారు. నాకు మాత్రం బతికున్న మనిషిని గతంలోకి నెట్టడంలా అనిపిస్తుంది.

ఈ పని ఫోటోగ్రాఫర్లే చేశారని అనుకోవద్దు. మన కథలూ పాటలూ కొండెక్కినప్పుడల్లా అక్కడ అమాయకంగా నవ్వే ఒక పిల్లని వెతుక్కున్నాయి. స్త్రీ చైతన్యం గురించి ఎంతో రాసిన మనం కూడా 'కల్మషం లేని గిరిజన స్త్రీ' అనే మాట దగ్గర పెద్దగా ఆగలేదు.

చూపుకి చరిత్ర ఉంది. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సాయంతో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు 1909లో తెచ్చాడు. మనుషుల ముక్కులూ తలలూ కొలిచినవాడు ఆయన. అక్కడ ముఖం ఒక నమూనా. తర్వాత వచ్చిన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ వేరు. రెండో ప్రపంచయుద్ధం ఆయన్ని హైదరాబాద్ రాజ్యంలో నిలిపేస్తే, చెంచుల మధ్యా, గోదావరి కొండల్లోని కొండరెడ్ల మధ్యా భార్య బెట్టీతో కలిసి ఉన్నాడు. కొండరెడ్ల మీద పుస్తకం 1945లో వచ్చింది. ఆ ఫోటోల్లో పని ఉంది, పిల్లలున్నారు, అలసట ఉంది. బెట్టీ పక్కన ఉండడం వల్ల కూడా ఆడవాళ్లు కాస్త తేలిగ్గా నిలబడి ఉంటారని నా ఊహ. ఆ చిత్రాలు ఇప్పుడు లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థలో ఉన్నాయి. కొన్నిటిని ఇంటర్నెట్‌లో చూడొచ్చు. కొండరెడ్ల గూడేలు కొన్ని పోలవరం ముంపులో ఖాళీ అయ్యాయి. పునరావాస కాలనీలో కూచున్న మనవరాలికి ఆ పాత బొమ్మలో ఉన్నది తన అమ్మమ్మేనేమో తెలుసుకునే దారి కావాలంటే పేరు కావాలి. పేరు రాసి ఉంచడం శాస్త్రీయత కోసమే అనుకుంటాం కానీ, ఇలాంటి రోజు కోసం కూడా.

ఫిల్ము మీద నాకు పగేమీ లేదు. నాకు బాగా ఇష్టమైన వీధి ఫోటోలు ఫిల్ము మీద తీసినవే. ఇటలీలో, మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉన్న పలెర్మో నగరంలో లెటిజియా బాతాలియా తీసినవి. ఆమె 1935లో అక్కడే పుట్టింది, 2022లో పోయింది. ముగ్గురు పిల్లల తల్లి. నలభైకి దగ్గరపడ్డాక 'లోరా' అనే స్థానిక దినపత్రికలో ఫోటోల బాధ్యత తీసుకుంది. మాఫియా చంపిన శవాలు, ఏడ్చే తల్లులు, ఇరుకు సందుల్లో ఆడపిల్లలు ఆమె బొమ్మల్లో ఉంటారు. 1980లో తీసిన 'బంతితో బాలిక' చూడండి. ఆ పిల్ల కళ్లు నేరుగా మన మీదే ఉంటాయి, నువ్వెందుకొచ్చావని అడుగుతున్నట్టు. దూరం నుంచి పెద్ద లెన్సుతో దొంగిలించిన బొమ్మ కాదది. తీసే మనిషి దగ్గరికెళ్లి నిలబడింది, తనూ కనబడింది.

అయితే తేడా కెమెరాలో లేదు, బొమ్మ వెళ్లే దారిలో ఉంది. బాతాలియా తీసినది ఆ ఊరి పత్రికలోనే అచ్చయ్యేది. ఆ వీధివాళ్లే చూసేవారు, తిట్టేవారు, భయపడేవారు. మాఫియా ఫోటోల్ని 1979లో కోర్లియోనే ఊరి కూడలిలోనే, మాఫియా గడ్డ మీదే ప్రదర్శనకి పెట్టింది. 1991లో మిత్రులతో కలిసి 'మెద్జోచెలో' అనే స్త్రీల పత్రిక మొదలుపెట్టింది. 'సగం ఆకాశం' అని అర్థం. ఆమెనేం దేవతని చెయ్యక్కర్లేదు. భర్త శవం మీద పడి ఏడుస్తున్న స్త్రీని ఎవరు అనుమతి అడిగారు? ఆ బంతి పిల్లకీ శీర్షికలో పేరు లేదు. కానీ ఆమె తన ఊరికి జవాబు చెప్పుకోవాల్సిన చోట నిలబడి తీసింది.

అరకు సంతలో బొమ్మ దారి వేరు. ఒకసారి చింతపండు బుట్టల వెనక కూర్చున్న ఒకావిడ, తనని తీసిన కుర్రాణ్ణి అడగడం విన్నాను.

"ఏటి బాబూ, ఏదీ సూపించు."

"ఇందులో కనపడదమ్మా, ఫిల్ము. కడగాలి."

"మరి కడిగినాక?"

అతను నవ్వి ముందుకెళ్లిపోయాడు. డిజిటల్ కెమెరా వెనక చిన్న తెర మీద ఆవిడ తన బొమ్మ అక్కడికక్కడే చూసుకునేది, బాగాలేదంటే తీసెయ్యమనేది. ఎంత కొద్దిదైనా అదొక హక్కు. ఫిల్ము స్వచ్ఛత పేరుతో పోయిన మొదటి వస్తువు అదే.

ముఖం ఎప్పుడు కనిపించాలో ఎవరు తేల్చాలన్నది ఈ కొండల్లో ఊరికే వచ్చిన ప్రశ్న కాదు. 2007 ఆగస్టులో వాకపల్లిలో పదకొండు మంది కోందు స్త్రీలు తమ మీద గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖలోని ప్రత్యేక కోర్టు పదమూడు మంది పోలీసుల్ని నిర్దోషులంటూ విడిచిపెట్టింది, దర్యాప్తు లోపాల్ని ఎత్తిచూపి ఆ స్త్రీలకి పరిహారం ఇవ్వమంది. న్యాయం అడగడానికి పదహారేళ్లు పట్టిన ఆ స్త్రీల పేరూ ముఖమూ దాచాలని చట్టమే చెప్తుంది. కొంగు ముఖం మీదికి లాక్కోవడమంటే ఏమిటో తెలిసిన కొండల్లో, సంతలో అడగకుండా ఒక ముఖాన్ని తీసుకెళ్లడం చిన్న విషయంగా నాకు తోచదు.

ఆదివాసీ స్త్రీలు ఫోటో అంటే ఇష్టపడరనీ కాదు. పాడేరు స్టూడియోల్లో గోడకున్న బొమ్మలు చూడండి. నూనె రాసి దువ్విన జుట్టు, పౌడరు, పండగ చీర, మోకాళ్ల మీద చేతులు, కెమెరాలోకి సూటి చూపు. వెనక రంగుల తెర మీద ఏదో పూలతోట. మన విమర్శకులు వీటిని కృతకం అంటారు. ఎలా కనిపించాలో తనే ఎంచుకుని, డబ్బిచ్చి తీయించుకుని, ఇంటికి పట్టుకెళ్లిన బొమ్మ కృతకం. అడక్కుండా తీసుకెళ్లింది సహజం!

నవంబరు, డిసెంబరుల్లో అరకు లోయ వలిసె పూలతో పచ్చబడుతుంది. ఇప్పుడు చాలామంది రైతులు చేను చుట్టూ తాడు కట్టి, లోపల ఫోటో దిగాలంటే ఇంత అని తీసుకుంటున్నారు. గట్టు మీద కూచుని ఆ చిల్లర లెక్కపెట్టుకునేది చాలాచోట్ల ఆడవాళ్లే. గిరిజనులు కూడా వ్యాపారస్తులైపోయారని కారు దిగినవాళ్లు విసుక్కుంటారు. తొక్కిన మొక్కకి గింజ రాదని ఆ గట్టు మీది ఆవిడ లెక్క.