తెర మీది తెలుగు – చత్వారపు కన్ను

మొన్నటి రామభజనకు పాటల పుస్తకాలకు బదులు ఫోనులో చూచుకొనే పుటలు పంపించారు. ప్రయత్నం మెచ్చదగినదే. కాని రెండవ కీర్తనకే మా ప్రక్కన కూర్చున్న తాతగారు పాడడం మానివేశారు. "మాస్టారూ, నేను తెలుగు మరచిపోయినట్లున్నాను" అన్నారు. ఆయన మరచినది ఏమీ లేదు. లోపం ఆ పుటలలోనే ఉన్నది.

నలుబది ఏండ్లు దాటిన తరువాత కంటిలోని కటకం బిరుసెక్కుతుంది. దగ్గరి అక్షరం మసకబారుతుంది. దీనినే చత్వారం అంటారు. పైగా వయస్సుతోపాటు కంటిపాప చిన్నదై లోపలికి వెలుతురు తగ్గుతుంది. అటువంటి కంటికి దేవుని రంగుల పటం మీద సన్నని బూడిదరంగు అక్షరాలు పరచి చదవమంటే ఎట్లా?

మన లిపికి మరొక చిక్కు ఉన్నది. ఒక్క చుక్క కనబడకుంటే "కథ" మరొకటి అవుతుంది. ఒత్తు చెరిగిపోతే "గుడ్డి" కాస్తా "గుడి" అవుతుంది. ఆ పుటలలో పంక్తులను ఇంగ్లీషు కొలతకు ఇరికించినందున పై పంక్తి ఒత్తులు క్రింది పంక్తి గుడులకు తగులుతున్నవి. పెద్దవి చేసి చూద్దామా అంటే, పుట అంతా ఒక బొమ్మగా తయారైనది. రెండు వ్రేళ్లతో సాగదీస్తే పంక్తి తెర దాటిపోతుంది. కుడికీ ఎడమకూ జరుపుకొనేలోగా తాళం తప్పుతుంది.

ఇవి తీరని లోపాలు కావు. అక్షరానికీ వెనుక రంగుకూ వెలుగులో కనీసం 4.5కు 1 తేడా ఉండాలనీ, అక్షరాన్ని 200 శాతం వరకు పెంచుకొనే వీలుండాలనీ 2008లోనే వెబ్ పుటలకు అంతర్జాతీయ ప్రమాణాలు వచ్చినవి. పాటలను బొమ్మగా కాక యూనికోడ్ అక్షరాలుగా ఇస్తే, పెంచినప్పుడు పంక్తులు తెర వెడల్పుకు తామే సర్దుకొనేటట్లు చేయవచ్చును.

అక్షర రూపాలకూ కొరత లేదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమికి మనం ఋణపడి ఉన్నాము, కాని మా కంటికి అది మరీ సన్నం. సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చిన మండలి మాకు నిండుగా తోచినది. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలను నడిపిన మండలి వెంకట కృష్ణారావుగారి పేరది. మూడవ మహాసభలు 1990లో మన మారిషస్‌లోనే జరిగినవి గదా!

మేము ఈ అక్షరాలను తల్లి ఒడిలో నేర్వలేదు. పగలు పని చేసి, సాయంకాలపు తరగతిలో పలక మీద దిద్ది నేర్చుకొన్నాము. అంత కష్టంతో సంపాదించినది సన్నని గీతల పాలు కారాదు. వచ్చే భజనకు తెల్లని పుట, నల్లని అక్షరం, వదులైన పంక్తులు ఇవ్వవలసినదిగా నిర్వాహకులకు మా మనవి. పంపించేముందు ఆ పుటను ఒక తాతగారి చేతికిచ్చి చదివించి చూడండి. అంతకు మించిన పరీక్ష లేదు.