రాతి కడుపులో వంటగ్యాస్

మన వంటింటి సిలిండర్‌లో పట్టేది 14.2 కిలోలు. అలాంటివి 42 లక్షల సిలిండర్లకు సరిపడే గ్యాస్, అంటే 60 వేల టన్నులు, విశాఖపట్నంలో నేల కింద రాతి గుహలో దాచవచ్చు. చమురు సంస్థలైన హెచ్‌పీసీఎల్, ఫ్రాన్స్‌కు చెందిన టోటల్ కలిసి కట్టిన ఈ గుహ 2007లో పనిలోకి వచ్చింది.

దాదాపు 200 మీటర్ల లోతు. లోపల ఉక్కు తొడుగంటూ లేదు, చుట్టూ రాయే. మరి గ్యాస్‌ను ఆపేదేమిటి? నీళ్లు! రాతి పగుళ్లలోని భూగర్భజలం గ్యాస్ కంటే గట్టిగా నొక్కుతుంది. పది మీటర్ల నీటి ఎత్తుకు సుమారు ఒక వాతావరణ పీడనం. అంత లోతుకు దిగింది అందుకే. నీరు లోపలికి ఊరుతుంది, గ్యాస్ బయటికి పోదు. ఊరిన నీటిని అడుగు గుంటలో పట్టి పంపులతో తోడేస్తారు. ఇంత సులువైన సూత్రాన్ని ఇంత పెద్ద పనికి నిలబెట్టిన బుర్రలకు దండం పెట్టాలి.

బెజ్జాలు వేసి, మందు కూరి, పేల్చి, వదులు రాళ్లను ఊడదీస్తూ ముందుకు సాగిన కూలీల చేతులు ఇంకా గొప్పవి. తవ్వడంతో పని తీరదు. చుట్టుపక్కల బావుల్లో నీటిమట్టం ఎప్పటికప్పుడు కొలిచి రాసుకునేవాళ్లుండాలి. ఆ మట్టం పడిపోకూడదు. వాళ్లు కాపు కాస్తున్నారు గనకే, గ్యాస్ తెచ్చే ఓడ రెండు రోజులు ఆలస్యమైనా మన పొయ్యి వెలుగుతుంది.