ముక్కు మీద నిలిచే గద్ద

ఆర్మూరు దగ్గరి పెర్కిట్‌లో మొన్న ముప్పై రూపాయలు పెట్టి ఒక ప్లాస్టిక్ గద్దను కొన్నాను. ముక్కు కొనను వేలి మీద ఆనిస్తే చాలు, రెక్కలు చాపుకొని నిలబడుతుంది. తోక కింద ఏ ఆధారమూ ఉండదు. రెక్కల కొసలు ముక్కు కంటే ముందుకూ కిందికీ వంగి ఉంటాయి. బరువు దాచింది వాటిలోనే. అందుకే బొమ్మ గరిమనాభి ముక్కు కిందికి వస్తుంది, తోస్తే ఊగి మళ్లీ కుదురుకుంటుంది. వారమంతా దాన్ని చూసి సంబరపడుతున్నాను.

బొమ్మ కొనాలంటే నిర్మల్ పోండి అని ఏళ్లుగా ఇక్కడ పోరుతున్నది నేనే. చౌరస్తాలో బస్సెక్కి గోదావరి దాటితే వచ్చే ఊరు. తేలికైన పొనికి కర్రను చెక్కి, చింతగింజల అంబలి పట్టించి, రంగులద్దే నకాషీల పనితనం ముందు ప్లాస్టిక్ దిగదుడుపే. ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను.

గద్దను అమ్మిన దుకాణం రాజస్థాన్ నుంచి వచ్చిన మార్వాడీ కుటుంబానిది. బడి విడిచిన పిల్లలు అక్కడ ప్రతి వస్తువునూ తిప్పి, మీట నొక్కి చూస్తుంటే సేటు కసరడు. "పట్టుకొని చూడుండ్రి సార్, ఏం గాదు" అని నా చేతికీ ఇచ్చాడు. ఎంపోరియాల్లో మన కొయ్యబొమ్మలు అద్దాల వెనక ఉంటాయి. పిల్ల చేయి వాటికి తగలదు.

ఆ దుకాణంలో నిలబడితే మా పెదనాన్న కొడుకు మస్కట్ నుంచి తెచ్చిన పెన్ను యాదికొచ్చింది. అన్న వచ్చిండంటే వాడకట్టంతా మా ఇంట్లోనే. అత్తరు సీసాలు, టార్చిలైట్లు, దుప్పట్లు ఒక్కొక్కటే పెట్టెలోంచి బయటికొచ్చేవి. నా వంతుకు ఆ పెన్ను. వంచితే లోపల చిన్న ఓడ ఈ చివర నుంచి ఆ చివరకు సాగేది. రాయడానికి మనసొప్పక ఇంకు ఎండిపోయేదాకా ఓడనే నడిపాను. తాము ఉండే క్యాంపు పక్కన ఒక మలయాళీ దుకాణంలో కొన్నానని అన్న చెప్పేవాడు. ఆ దుకాణదారు జీతం పడేదాకా ఖాతా రాసుకునేవాడట, ఇంటికి పోయే నెలలో పిల్లలకు ఏం తీసుకుపోవాలో తనే ఏరి ఇచ్చేవాడట. పరాయి దేశంలో ఒక వలసదారు మరో వలసదారుకు అమ్మిన వస్తువు అది. గల్ఫ్‌కు మనుషులను పంపిన ఊళ్లు ఆర్మూరు చుట్టూ ఎన్నో ఉన్నాయి. 2025 ఆగస్టులో తెలంగాణలో 'మార్వాడీ గో బ్యాక్' నినాదం విన్నప్పుడు నాకు కోపం వచ్చింది. మన పిల్లలను గల్ఫ్‌లో ఎవరైనా అదే మాట అంటే మన ప్రాణం ఎట్లుంటుంది?

పైగా నేను ఇన్నేళ్లు 'మనవి' అంటూ వెనకేసుకొచ్చిన కొయ్యబొమ్మల సంగతి చూడండి, నిర్మల్‌వే కాదు, కొండపల్లివీ. కొండపల్లి బొమ్మలు చేసే ఆర్యక్షత్రియులు తమ పూర్వీకులు రాజస్థాన్ నుంచే వచ్చారని చెప్పుకుంటారు. వచ్చినవాళ్లు ఇక్కడి పొనికి చెట్టును పట్టుకున్నారు, దశావతారాలనూ ఎడ్లబండినీ చెక్కారు. వాళ్లను తిప్పి పంపి ఉంటే మన సంక్రాంతి బొమ్మల కొలువుల్లో అవెక్కడివి?

మార్వాడీ దుకాణాల్లో ఊరి యువతకు పని ఇవ్వడం లేదన్న ఫిర్యాదు ఉంది. ఉన్నచోట గట్టిగానే అడగాలి. అది కొలువుల తగాదా, కొలువుల దగ్గరే తేల్చుకోవాలి. మనుషులను వెళ్లగొట్టడం దానికి జవాబు కాదు.

నిర్మల్ బొమ్మలు కూడా పెట్టరాదా అని సేటును అడిగాను. "పెడత సార్. కని పిల్లలు ముట్టకుంట అద్దాలల్ల పెట్టుమంటె నాతోటి గాదు" అన్నాడు. నాకు కావలసిందీ అదే. వచ్చే నెల నిర్మల్ పోయినప్పుడు కర్ర పిట్టలు, కర్ర పండ్లు ఒక డజను తెచ్చి ఇస్తానన్నాను. ధర దగ్గర మాత్రం ఇంకా బేరం తెగలేదు.